ఫొటోగ్రఫీ కోర్స్‌వర్క్, ఆర్టిస్ట్ రీసెర్చ్: విశాఖలో పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఫొటోగ్రఫీ చదివే పిల్లల వర్క్‌బుక్‌లు కొన్నేళ్లుగా దిద్దుతున్నాను. వాటిలో ఆర్టిస్ట్ రీసెర్చ్ అంటే ఒక ఫొటోగ్రాఫర్ పనిని దగ్గరగా చూసి రాయడం, అక్కడినుంచి సొంత ఫొటోలకి దారి వెతుక్కోవడం. ఏటా బ్యాచ్ మారుతుంది గానీ ప్రశ్నలు మారవు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో "సర్, ఆర్టిస్ట్ రీసెర్చ్ ఎన్ని పేజీలు?" అని మొదలవుతుంది. సబ్మిషన్ ముందు రోజు "సర్, హార్డ్ డిస్క్ ఓపెన్ అవ్వట్లేదు" దాకా వస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. మీ గొడవ ఏ ప్రశ్నలో ఉందో అక్కడికి వెళ్లిపోండి.

ఆర్టిస్ట్ రీసెర్చ్ అంటే ఏం రాయాలి? ఎక్కడ పుట్టారు, ఏం అవార్డులు వచ్చాయి అని రాస్తే చాలదా?

చాలదు. పుట్టిన ఊరు, చదివిన బడి, అవార్డుల జాబితా నాకూ నెట్‌లో దొరుకుతాయి. మీ కళ్లకి ఏం కనిపించిందో అది మాత్రం మీ వర్క్‌బుక్‌లో తప్ప ఎక్కడా దొరకదు. నేను వెతికేది అదే.

జీవిత విశేషాలు అసలే వద్దని కాదు. ఫొటోని చూసే తీరు మార్చేవి ఉంటే రాయండి. సెబాస్టియో సల్గాడో కెమెరా పట్టకముందు ఆర్థికశాస్త్రం చదివాడు. గనుల్లో, ఓడలు విరగ్గొట్టే చోట్ల పనివాళ్లని ఏళ్ల తరబడి వెతుక్కుంటూ ఎందుకు తిరిగాడో ఆ ఒక్క ముక్కతో కొంత అర్థమవుతుంది. హొమాయ్ వ్యారావాలా మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ అని అందరూ రాస్తారు. మగవాళ్లే నిండిన ఆ గుంపులో ఆవిడ ఎక్కడ నిలబడి తీసిందో, నాయకుల మొహాలు ఆవిడ ఫొటోల్లో ఎందుకంత తేలిగ్గా ఉంటాయో ఒక్కరు రాస్తే నేను పండగ చేసుకుంటాను. "1913లో జన్మించారు" అనే వాక్యంతో మొదలైన పేజీలు ఇప్పటికి ఎన్ని చదివానో లెక్క లేదు.

ఎవరిని ఎంచుకోవాలి? సగం క్లాసు రఘు రాయ్‌నే తీసుకుంది.

తీసుకుంటే తప్పేం లేదు, పెద్ద ఫొటోగ్రాఫర్. చిక్కల్లా మీరు ముందు ఆర్టిస్టుని ఎంచుకుని, ఆ తర్వాత "నేనేం తీయాలి" అని తల పట్టుకోవడంలో ఉంది. దాన్ని తిరగేయండి. మీరు రోజూ చూస్తున్నది, మీకు విసుగు పుట్టించేది, మీ ఇంటి సందులో ఉన్నది ఏదో ముందు తేల్చుకోండి. తర్వాత దాన్నే వేరే ఊళ్లో, వేరే కాలంలో ఎవరు తీశారో వెతకండి.

ఎంవీపీ కాలనీలో ఉండే అమ్మాయి ఒకతె తన వీధిలో ధనుర్మాసం ముగ్గుల్ని తీస్తానంది. జ్యోతి భట్‌ని చూడమన్నాను. బరోడా చిత్రకారుడాయన. గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో గోడల మీద, వాకిళ్లలో ఆడవాళ్లు వేసే బొమ్మల్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీసి పెట్టాడు. ముగ్గుని మాత్రమే తీస్తే అది డిజైన్ అవుతుంది, వేసిన మనిషి కూడా ఫ్రేములోకి వస్తే ఆ ఇంటి కథ అవుతుందని ఆ అమ్మాయి ఆయన్ని చూశాక తనంతట తనే రాసింది. మరో అబ్బాయి వాళ్ల నాన్న ఆఫీసులో బీరువాల మీద పేరుకున్న ఫైళ్ల కట్టలు తీసుకొచ్చాడు. వాడికి దయానితా సింగ్ దొరికింది. దస్త్రాల గదుల్ని ఆవిడ మనుషుల్ని తీసినంత శ్రద్ధగా తీసింది. 2022లో ఫొటోగ్రఫీలో పెద్ద బహుమతైన హాసెల్‌బ్లాడ్ అవార్డు అందుకుంది. కుర్రాడు మొదట "ఇవి ఫొటోలేంటి సర్, ఫైళ్లేగా" అన్నాడు. మూడు వారాలయ్యాక బీరువా తలుపు ఎంత తెరిచి ఉండాలో నాతో వాదించాడు.

పూర్ణా మార్కెట్ రంగులు తీసేవాళ్లకి రఘుబీర్ సింగ్ పనికొస్తాడు. చేపల రేవు, మెట్ట దారులు, బస్సు కిటికీలు ఏవైనా సరే, ఒక్క ఫ్రేములో పది సంగతులు జరుగుతున్నా గందరగోళం లేకుండా ఎలా సర్దాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

ఫొటో "చదవమంటారు". ఎలా చదవాలి? చూడగానే బాగుందనిపిస్తుంది, అంతకు మించి ఏం రాయాలో తోచదు.

ఒక ఫొటో ముందు పది నిమిషాలు కూర్చోండి, ఫోన్ పక్కన పడేసి. మొదటి రెండు నిమిషాల్లో మీకున్న మాటలన్నీ అయిపోతాయి. అసలు పని అక్కడ మొదలవుతుంది.

హెన్రీ కార్టియర్ బ్రెసన్ 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫొటో తీసుకోండి. నీళ్లు నిలిచిన చోట ఒక మనిషి దూకుతున్నాడు, మడమ ఇంకా నీటిని తాకలేదు. ఇంతవరకూ అందరూ రాస్తారు. ఇంకొంచెం చూడండి. వెనక గోడ మీద పోస్టర్‌లో ఒక నర్తకి అలాగే గాల్లోకి ఎగురుతోంది. నీళ్లలో పడి ఉన్న నిచ్చెన మీదుగా ఆ మనిషి వచ్చాడు. నిచ్చెన పక్కన నీటి వలయాలు, అటు పక్క వంకర తిరిగిన ఇనుప చట్రాలు. గుండ్రాలన్నీ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నట్టు ఉంటాయి. దూరంగా కంచె దగ్గర ఇంకొకడు ఏమీ పట్టనట్టు నిలబడి ఉన్నాడు. అంత హడావిడిలో ఆ నిలకడ లేకపోతే దూకుడు ఇంత గట్టిగా తెలిసేది కాదు.

ఇప్పుడు ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో అడగండి. పలకల కంచె సందులోంచి లెన్స్ దూర్చి తీశాడు, తర్వాత అంచు కత్తిరించాడు. కత్తిరించడం ఇష్టం లేదనే మనిషి చేత కత్తిరింపు చేయించిన ఫొటో ఇది. ఈ సంగతి తెలిశాక మీ సొంత షూట్‌లో "సర్, క్రాప్ చేస్తే మార్కులు పోతాయా?" అని అడగరు. పోవు. ఎందుకు కత్తిరించారో చెప్పగలిగితే చాలు.

రాసేటప్పుడు ఎప్పుడూ నాలుగు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి: వెలుగు ఎటునుంచి వస్తోంది, తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎంత దూరం, ఫ్రేము బయట ఏం వదిలేశాడు. చివరిది చాలామంది వదిలేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అదే.

సముద్రం తీద్దామనుకుంటున్నాను. విశాఖలో ఉండి సముద్రం తీయకపోతే ఎలా? కానీ అందరూ అదే తీస్తున్నారు.

తీయండి. అయితే ముందు హిరోషి సుగిమోతో అనే జపాన్ ఫొటోగ్రాఫర్ తీసిన సముద్రాల్ని చూడండి. 1980 నుంచి ప్రపంచమంతా తిరిగి ఒకే తీరులో తీశాడు. నలుపు తెలుపు, పెద్ద కెమెరా, సగం నీరు, సగం ఆకాశం, నడుమ గీత. పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. చూడగానే "ఇంతేనా" అనిపిస్తుంది. నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకచోట గీత కత్తిలా ఉంటుంది, ఇంకోచోట మంచులో కలిసిపోతుంది. అప్పుడు పట్టుకుంటుంది.

మా విద్యార్థి ఒకడు ఆ పద్ధతిలో ఆర్కే బీచ్‌లో నెల రోజులు తీశాడు. వాడికి పెద్ద టెన్షన్ ఏంటంటే, మన దిగంతం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పోర్టులోకి వెళ్లడానికి లంగరేసిన ఓడలు గీత మీద చీమల్లా కూర్చుని ఉంటాయి. ఫొటోషాప్‌లో తుడిచేయనా అన్నాడు. తుడవొద్దన్నాను. సుగిమోతో సముద్రంలో కాలం లేదు, మనిషి పుట్టకముందు కూడా అలాగే ఉండేదనిపిస్తుంది. విశాఖ సముద్రం అలా కాదు, అది పని చేసే సముద్రం, క్యూలో నిలబడిన సముద్రం. వాడు ప్రతి ఫొటో కింద ఆ రోజు ఎన్ని ఓడలున్నాయో రాశాడు. సున్నా ఉన్న ఫొటో ఒక్కటే వచ్చింది, అది కూడా పొగమంచు పుణ్యమా అని. ప్రాజెక్ట్ అంటే అది. ఆర్టిస్టు దగ్గర పద్ధతి తీసుకున్నాడు, ఎక్కడ పొసగలేదో అక్కడ సొంత దారి పట్టాడు.

కొన్ని పనికొచ్చే సంగతులు. మన తీరం తూర్పుముఖం కాబట్టి పొద్దు సముద్రంలోంచి వస్తుంది, సాయంత్రం కొండల వెనక దిగుతుంది. "బీచ్‌లో సూర్యాస్తమయం" అని ఐడియా రాసుకొచ్చేవాళ్లు ఏటా ఒకరైనా ఉంటారు! సాయంత్రం నీళ్ల మీద పడేది వెనకనుంచి వచ్చే మెత్తటి వెలుగు, దానికీ ఒక అందం ఉంది. ఇంకోటి, ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా బీచ్‌కి పరిగెత్తితే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు తెరవకుండా అరగంట ఆగండి.

వాటర్ ట్యాంకులు తీస్తానంటే ఇంట్లో నవ్వుతున్నారు.

నవ్వనివ్వండి. జర్మనీలో బెర్న్డ్, హిల్లా బెషర్ అనే భార్యాభర్తలు 1959 నుంచి జీవితమంతా అవే తీశారు. నీళ్ల ట్యాంకులు, బ్లాస్ట్ ఫర్నేసులు, గని బావుల మీది చట్రాలు. ఎదురుగా నిలబడి, వంకర లేకుండా, ఎండ లేని రోజున, మనిషి కనపడకుండా తీసేవారు. ఒకే రకంవి తొమ్మిదో పన్నెండో పక్కపక్కన వరసల్లో పేర్చేవారు. ఒక్క ట్యాంకుని చూస్తే ట్యాంకే. పన్నెండింటిని కలిపి చూస్తే ఒకటి లావుగా, ఒకటి సిగ్గుపడుతున్నట్టు, ఒకటి టోపీ పెట్టుకున్నట్టు కనిపిస్తాయి. వాళ్లు తీసినవాటిలో చాలా కట్టడాలు తర్వాత కూలగొట్టారు, ఫొటోలే మిగిలాయి.

విశాఖలో ఈ పని చేయాలంటే పిల్లలకి మొదట స్టీల్ ప్లాంట్ గుర్తొస్తుంది. దాని జోలికి పోవద్దు, అనుమతుల సంగతి కింద చెప్తాను. కాలనీల్లో ఓవర్‌హెడ్ ట్యాంకులు బోలెడున్నాయి. ఒకసారి ఒక విద్యార్థిని మార్చి నెలలో ఇరవై మూడు ట్యాంకులు తీసుకొచ్చింది. ఒకదాని నీడ కుడికి, ఇంకోదానిది ఎడమకి, ఒకచోట నీలాకాశం, ఒకచోట తెల్లగా కాలిపోయింది. పక్కపక్కన పెడితే ట్యాంకులు కనపడలేదు, నీడలే కనిపించాయి. బెషర్ దంపతులు మబ్బు రోజు కోసం ఎందుకు కాచుకునేవారో ఆ రోజు తనకి తెలిసింది. జూలైలో మళ్లీ తీసింది. మనకి నైరుతి రుతుపవనాల నెలలు ఈ పనికి దొరికిన వరం. ఆకాశమంతా ఒకే బూడిద రంగు, నీడ ఉండదు. వాన మధ్యలో గొడుగు పట్టే తమ్ముడుంటే ఇంకా మంచిది.

ఎత్తు సమస్య వస్తుంది. కింద నుంచి పైకి తీస్తే ట్యాంకు వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. ఎదురు అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు వాళ్లని బతిమాలుకోండి. "అంకుల్, కాలేజీ ప్రాజెక్ట్, ఐదు నిమిషాలు" అంటే టీ కూడా ఇస్తారు.

తెలుగువాళ్లలో ఎవరూ లేరా? అన్నీ పరాయి పేర్లే చెబుతున్నారు.

ఉన్నారు. నలుపు తెలుపు ఫొటోలకి బండి రాజన్ బాబు పేరు మన దగ్గర ఎవరిని అడిగినా చెబుతారు. కోరుట్లలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. పాతకాలంలోకి వెళితే రాజా దీన్ దయాళ్ ఉన్నాడు. తెలుగువాడు కాదు, మీరట్ దగ్గర పుట్టాడు. కానీ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఆయన తీసిన కొలువులు, కోటలు, విందు బల్లలు చూస్తే ఒక సంస్థానం తన్ను తాను ఎలా చూపించుకోవాలనుకుందో తెలుస్తుంది. సినిమా కెమెరా కూడా లెక్కలోకి వస్తుందా అంటే, వస్తుంది. 1957 నాటి "మాయాబజార్"లో వెన్నెల్లో పడవ పాటకి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లీ వెలుగుని ఎలా పరిచాడో ఒక్కో షాట్ ఆపి చూసి రాయండి. చిత్రకారులూ సరే. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది, ఉదయం రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ముప్పై నిండకుండానే పోయిన ఆ మనిషి బొమ్మల్ని ప్రింటులో కాక నేరుగా చూడటం వేరు.

వీళ్లందరికన్నా దగ్గరివాడు ఇంకొకడున్నాడు. మీ ఇంట్లో పాత ఆల్బమ్ తీయండి. అమ్మమ్మ, తాతయ్య పెళ్లయిన కొత్తలో స్టూడియోలో దిగిన ఫొటో ఉంటుంది. వెనక గీసిన తెర, స్తంభం, మెట్లు, ఒక్కోసారి సరస్సు, హంస. తాతయ్య కుర్చీలో, అమ్మమ్మ పక్కన నిలబడి, చెయ్యి కుర్చీ వీపు మీద. ఇద్దరూ నవ్వరు. అట్ట వెనక స్టూడియో ముద్ర ఉంటుంది. ఆ ఫొటోగ్రాఫర్ పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు, కానీ అతను కూడా వెలుగు ఎటునుంచి రావాలో నిర్ణయించాడు, గడ్డం ఎత్తమన్నాడు, చెయ్యి అక్కడ పెట్టమన్నాడు. అమ్మమ్మని కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగిందో అడిగి రాసుకోండి. ఆ చీర తనదేనా, పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చుకున్నదా? ఇది కూడా ఆర్టిస్ట్ రీసెర్చే. నేనైతే దీనికి ఎక్కువ మార్కులేస్తాను, పక్షపాతం అనుకున్నా సరే.

పుస్తకాలు, అసలు ప్రింట్లు విశాఖలో ఎక్కడ దొరుకుతాయి?

ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వకళా పరిషత్తు వాళ్ల వి.ఎస్. కృష్ణా లైబ్రరీ. రెండిట్లోనూ ఫొటో పుస్తకాలకన్నా కళా చరిత్ర, పాత పత్రికలు వెతుక్కుంటే మేలు. నెట్‌లో అయితే పెద్ద మ్యూజియంల సొంత వెబ్‌సైట్లు చూడండి. బెంగళూరులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) సేకరణ ఆన్‌లైన్‌లో ఉంది. పింటరెస్ట్ నుంచి మాత్రం వద్దు. అక్కడ ఫొటో ఎవరిదో, ఏ ఏడాదిదో, అంచులు ఎవరు కోశారో తెలియదు.

అసలు ప్రింట్లు చూడాలంటే హైదరాబాద్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగే ఇండియన్ ఫొటో ఫెస్టివల్, చెన్నై ఫొటో బినాలే. రాత్రి రైలు ఛార్జీ పెట్టుకోదగ్గవి. ఫోన్‌లో చూస్తే అన్ని ఫొటోలూ అరచేయంతే. సుగిమోతో సముద్రం ప్రింటులు కొన్ని దాదాపు ఒకటిన్నర మీటరు వెడల్పుంటాయి. దాని ముందు నిలబడ్డవాడు, ఫోన్‌లో చూసినవాడు ఇద్దరూ ఒకే ఫొటో గురించి రాస్తున్నారంటే నేను ఒప్పుకోను.

ఫోన్‌తో తీస్తే చెల్లుతుందా?

చెల్లుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, అంతే.

సైనోటైప్ చేయాలని ఉంది. ఇక్కడ కుదురుతుందా?

విశాఖలో ఎండకి, ఉప్పుకి, నాచుకి కొదవ లేదు, ఇంతకన్నా మంచి ఊరు దొరకదు. మందు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి నీలం బొమ్మ రప్పించే ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ బ్రిటన్ తీరాల నాచుల్ని కాగితం మీద పరిచి, ఎండలో పెట్టి, నీలం బొమ్మలుగా పుస్తకం వేయడం మొదలుపెట్టింది. ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకంగా దాన్నే చెబుతారు. కెమెరా లేదు, లెన్స్ లేదు.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా నీళ్లలో కలిపి ఉంచుకుని, వాడే ముందు సమపాళ్లలో కలపాలి. ఎండ తగలని గదిలో, మామూలు పసుపు బల్బు కింద, మందపాటి కాగితానికి బ్రష్‌తో పూసి ఆరబెట్టండి. పైన నాచు పరిచి అద్దం మూసి ఎండలో పెట్టి, రంగు కంచు బూడిదలోకి తిరిగాక మామూలు నీళ్లలో కడిగేయండి. పసుపు పోయేదాకా కడగాలి. చేతికి గ్లౌజులు, వంటింటి గిన్నెలు ముట్టుకోవద్దు, అమ్మలు నన్ను తిడతారు.

బీచ్‌లో ఏరుకొచ్చిన నాచుని ముందు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించి, పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టండి. మా వాళ్లు తడి నాచే పెట్టేశారు, చుట్టూ మచ్చలొచ్చాయి. తీరా ఆ మచ్చలే బాగున్నాయని ఒకమ్మాయి అదే ప్రాజెక్ట్‌గా చేసింది. నాచుతో పాటు అలలు తెచ్చి పడేసే బిస్కెట్ కవర్లు, స్ట్రాలు, వల ముక్కలు కూడా పరిచింది. అట్కిన్స్ నాచు పక్కన నూట ఎనభై ఏళ్ల తర్వాతి మన ఒడ్డు. వానాకాలంలో మాత్రం వద్దు, కాగితం ఆరి చావదు.

ఫిషింగ్ హార్బర్, రైల్వే స్టేషన్, నేవీ ఓడలు... ఎక్కడ తీయొచ్చు, ఎక్కడ తీయకూడదు?

ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరని మర్చిపోవద్దు. నేవీ స్థావరాలు, డాక్‌యార్డ్, పోర్టు లోపల, రిఫైనరీ, విమానాశ్రయం దగ్గర కెమెరా తీయకండి. నిషిద్ధ ప్రదేశాల మీద 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది, స్టూడెంట్ ఐడీ కార్డు చూపిస్తే అది కరగదు. బోర్డు ఉన్నా లేకపోయినా గోడ మీద ముళ్ల కంచె కనిపిస్తే కెమెరా బ్యాగులో పెట్టేయండి. డ్రోన్ అయితే 2021 నిబంధనల ప్రకారం డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎర్ర జోన్, పసుపు జోన్ చూసుకోకుండా ఎగరేయకూడదు. మా వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, విశాఖలో డ్రోన్ ఆలోచన మానుకోండి. ఓడలు, విమానాలు కావాలంటే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి, టీయూ 142 మ్యూజియంలున్నాయి. లోపల ఫొటోలకి నియమాలేంటో టికెట్ కౌంటర్‌లో అడగండి.

ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారకముందే వెళ్లాలి. ఏడు దాటితే వేలం అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లన్నీ ఒడ్డునే కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో చేపలు తీద్దామని వెళ్లి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లున్నారు. అదే నిషేధాన్ని సబ్జెక్ట్‌గా పెట్టుకుని, వలలు బాగుచేసుకునేవాళ్లని, బోట్లకి రంగులేసేవాళ్లని తీసినవాళ్లూ ఉన్నారు.

మనుషుల్ని తీయాలంటే భయం. అడిగితే వద్దంటారు, అడక్కుండా తీస్తే తిడతారు.

మొదటి రోజు కెమెరా ఇంట్లో వదిలేసి వెళ్లండి. చేపలు కొనండి. "అక్కా, ఈ చందువ ఎంత?" అని బేరమాడండి. రెండో రోజు మీ మొహం గుర్తుపడతారు. మూడో రోజు "ఏటి బాబూ, రోజూ వత్తన్నావు, కొనవు?" అంటారు. అప్పుడు చెప్పండి ఎందుకొచ్చారో. బోటు మీదకి ఎక్కాలంటే దాన్ని నడిపే సరంగుని అడగాలి, కుర్రాళ్లని కాదు. తీసిన ఫొటో ప్రింట్ వేయించి తీసుకెళ్లి ఇవ్వండి. చిన్న సైజు ప్రింటుకి ప్లేటు బజ్జీల ఖర్చు కూడా అవదు. జాలారిపేటలో ఒకాయన ఇంట్లో మా విద్యార్థి ఇచ్చిన ప్రింటు దేవుడి పటాల పక్కన చూశాను. ఎగ్జామినర్ ఇచ్చిన గ్రేడు ఆ అబ్బాయికి గుర్తుందో లేదో నాకు తెలియదు.

డొరోతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో బఠానీ కూలీల శిబిరంలో ఒక తల్లిని తీసింది. ప్రపంచమంతా ఎరిగిన ఫొటో అది. ఆవిడ పేరు లాంగ్ అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటపడింది 1978లో, నలభై రెండేళ్ల తర్వాత. తన మొహం అందరిదీ అయిపోయిందనీ, తనకి దక్కిందేమీ లేదనీ ఆవిడ బాధపడింది. మీ వర్క్‌బుక్‌లో లాంగ్ గురించి రాస్తే ఈ సంగతి కూడా రాయండి. మీరు తీసిన ప్రతి మనిషి పేరూ నోట్‌బుక్‌లో రాసుకోండి, అచ్చులో వేయొద్దంటే వేయకండి.

వేరేవాళ్ల ఫొటో నా వర్క్‌బుక్‌లో అతికిస్తే కాపీరైట్ సమస్యా?

చదువు కోసం, పరిశోధన కోసం, విమర్శ కోసం వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. పేరు, ఫొటో శీర్షిక, ఏడాది, ఎక్కడ చూశారో కింద రాయండి. అదే పేజీని ఇన్‌స్టాలో పెట్టి పది వేల లైకులు తెచ్చుకోవడం వేరే కథ. 2012 సవరణ తర్వాత ఫొటోకి కూడా తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కుంటుంది. మీ ఫొటోలకి కూడా అంతే. పెళ్లి ఫొటోల షాపులకి ఊరికే ఇచ్చేయకండి.

ఆర్టిస్ట్ ఫొటోని అచ్చంగా తిరిగి తీస్తే కాపీయేనా?

ఒకటి తీయండి, అభ్యాసం కోసం. "ఫలానా దానికి అనుసరణ" అని రాసిపెట్టండి. వెలుగు ఎక్కడ పెట్టాలో, కెమెరా ఎంత ఎత్తులో ఉండాలో దీనివల్ల తెలిసినట్టు ఇంకెలాగూ తెలియదు. ఫైనల్ ప్రింట్లలో మాత్రం అది ఉండకూడదు.

ఆ ఆర్టిస్ట్ నాకు నచ్చలేదు. రాయొచ్చా?

తప్పకుండా. "బోరు కొట్టింది" అని వదిలేస్తే కుదరదు. ఎన్నో ఫొటో దగ్గర బోరు కొట్టింది, ఎందుకు?

ఇంగ్లీషులోనే రాయాలా?

మీ కాలేజీ ఏమంటుందో కనుక్కోండి. కానీ మొదటి చిత్తు తెలుగులో రాసుకోండి అంటాను. ఇంగ్లీషులో రాసినవాళ్లంతా "సాఫ్ట్ లైట్" అని ఒక్క మాటతో సరిపెడతారు. మనకి నీరెండ వేరు, లేత ఎండ వేరు. మబ్బుల చాటు వెలుగు, మునిమాపు వెలుగు, మసక వేరువేరు. వాన వెలిసి చెట్లన్నీ పచ్చగా మెరుస్తున్నప్పటి వెలుగు ఇంకోటి. ఏ వెలుగో మాట దొరికితే దాన్ని మళ్లీ ఎప్పుడు, ఎక్కడ పట్టుకోవాలో కూడా దొరుకుతుంది. తర్వాత ఇంగ్లీషు చేసుకోండి.

ఏఐతో రాయిస్తే తెలుస్తుందా?

వైవాలో తెలుస్తుంది. "ఈ ఫొటోలో ఎడమ మూల ఏముంది?" అని అడుగుతాను. చూసినవాళ్లు చెబుతారు.

చెడిపోయిన ఫొటోలు కూడా వర్క్‌బుక్‌లో పెట్టాలా?

పెట్టండి. కాంటాక్ట్ షీట్ మొత్తం పెట్టండి, అంటే ఆ రోజు తీసినవన్నీ చిన్న సైజులో వరసగా. ఏది ఎంచుకున్నారో ఎర్ర పెన్నుతో గీత చుట్టండి, పక్కదాన్ని ఎందుకు వదిలేశారో ఒక వాక్యం రాయండి. "మొదటి షూట్, రెండో షూట్, మూడో షూట్" మధ్య ఏం మారిందో కనిపించాలి. మొదటి రోజే అన్నీ అద్భుతంగా వచ్చాయని చూపించే వర్క్‌బుక్ చూస్తే నాకు అనుమానం వస్తుంది. సాధారణంగా అలాంటివి ఒకే రాత్రి తయారవుతాయి.

ప్రింట్లు మ్యాటా, గ్లాసీయా? ఎన్ని?

మ్యాట్. ఎన్ని అనేది మీ సిలబస్‌లో ఉంటుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, ఎనిమిది బాగున్నవాటిలో రెండు తీసేస్తే మిగతా ఆరూ ఇంకా బాగుంటాయి. పెళ్లి ఆల్బమ్‌లు వేసే ల్యాబ్‌లో ఇస్తే మొహాలన్నీ తెల్లబరిచేస్తారు. "కరెక్షన్ వద్దు అన్నా, ఉన్నదున్నట్టు వెయ్యి" అని రెండుసార్లు చెప్పండి. ఒకసారి నలుపు తెలుపు సెట్టు మొత్తం ఆకుపచ్చ ఛాయలో ఇచ్చారు, మళ్లీ వేయించడానికి సబ్మిషన్ తేదీ అడ్డొచ్చింది. ముందు ఒక్కటి టెస్ట్ ప్రింట్ వేయించుకోండి.

లెన్స్‌లో సాలెగూడు లాంటిది కనిపిస్తోంది.

ఫంగస్. మన ఊరి తేమకి మామూలే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి, బీరువాలో బట్టల మధ్య వద్దు. పట్టేశాక ఇంట్లో విప్పకండి.

సర్, హార్డ్ డిస్క్ ఓపెన్ అవ్వట్లేదు. రేపే సబ్మిషన్.

ఆ డిస్క్‌ని ఇంక తిప్పకండి, కేబుల్ మార్చి ఒక్కసారి చూసి, రాకపోతే తీసి పక్కన పెట్టండి. కెమెరా కార్డులు ఫార్మాట్ చేయలేదు కదా? కార్డు మీద కొత్తగా ఏమీ తీయకుండా ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి వస్తాయి. వాట్సాప్‌లో నాకు, స్నేహితులకి పంపినవన్నీ ఒక ఫోల్డర్‌లో వేసుకోండి, చిన్న సైజైనా కాంటాక్ట్ షీట్‌కి పనికొస్తాయి. టెస్ట్ ప్రింట్లుంటే వాటినే వర్క్‌బుక్‌లో అతికించండి. ఏం జరిగిందో ఒక పేజీ రాసి పెట్టండి. రేపు పొద్దున్న తొమ్మిదికల్లా వచ్చేయండి, నేనుంటాను.